చేతులు కట్టుకున్న గ్రౌండు

మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఫుట్‌బాల్ ఆడే పిల్లలను మీరు చూసి ఉండరు. నేను చూశాను. ఏన్కూరు దాటి అడవి వైపు పోతుంటే రోడ్డు పక్కనే ముళ్లకంచె వేసిన గ్రౌండు ఒకటుండేది. మిర్చి కోతలు మొదలయ్యాయంటే అందులో సగం కల్లం, సగం ఆట. ఒక పక్క కాయలు ఎర్రగా ఆరుతుంటాయి, ఇంకో పక్క పిల్లలు బంతి వెంట ఉరుకుతుంటారు. గాలి ఇటు తిరిగిందంటే చాలు, గోల్‌కీపర్ కళ్లు నులుముకునేలోపు బంతి లోపలికి పోయేది. అది గోలా కాదా అని రోజూ ఒక పంచాయితీ.

ఆ గ్రౌండున్న ఊరి పీహెచ్‌సీలో నేను స్టాఫ్ నర్సుగా చేశాను. రిటైరై ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. నా మోకాళ్లు తప్ప ఇప్పుడు నాకు వేరే పేషెంట్లు లేరు. మొన్న కొత్తగా డ్యూటీలో చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో పిల్లలకు ఫుట్‌బాల్ క్యాంపు పెడుతున్నారట. ఎవరికైనా ఏమన్నా అయితే చూసుకోవడానికి ఏమేం సిద్ధం పెట్టుకోవాలి మేడమ్ అని అడిగింది. సామాన్ల పేర్లు అప్పుడే చెప్పేశాను, అది ఎంతసేపు. కానీ ఫోన్ పెట్టేశాక మనసు ఒప్పుకోలేదు. సామాన్లు ఎవరైనా కొంటారు. పిల్లవాడు పడిపోయినప్పుడు ముందుగా దగ్గరికి వెళ్లే మనిషిని ఎట్లా తయారు చేసుకోవాలో చెప్పనేలేదు కదా అనిపించింది. ఆ అమ్మాయికీ, ఆమె ఈడు వాళ్లకూ అందుకే ఇది రాస్తున్నాను.

అక్కడి పిల్లలకు ఆట నేర్పేది హైస్కూలు పీఈటీ సారు. బడి అయిపోయాక, సెలవుల్లో కూడా, ఎవరూ అడగకపోయినా వచ్చి నేర్పేవారు. రైతుల పిల్లలు, మా చర్చి కాలనీ పిల్లలు, అడవి లోపలి కోయగూడేల పిల్లలు, అందరూ ఆయన విజిల్‌కు పరుగెత్తుకొచ్చేవాళ్లు. మంచి మనిషి. అయితే ఆయన దగ్గర ఉన్న వైద్యం ఒక్కటే, నొప్పుల స్ప్రే. మోకాలు గీరుకుపోయినా అదే, కాలు బెణికినా అదే. ఒకసారి కడుపునొప్పి అన్న పిల్లవాడికి బొడ్డు చుట్టూ కొట్టి నా దగ్గరికి తీసుకొచ్చారు. ఓపీ గది అంతా ఆ వాసనే.

ఆరోజు నాకు చిర్రెత్తింది.

"సార్, పిల్లగాడు స్పృహ తప్పి పడిపోతే ఏం జేస్తరు?" అని అడిగాను.

"మీ దగ్గరికి తెస్త సిస్టర్."

"దేని మీద తెస్తరు?"

"నా బండి మీద."

"స్పృహ లేనోడు బండి మీద ఎట్ల కూసుంటడు సార్? స్ప్రే కొట్టి నిలబెడతరా?"

ఆయన తల గోక్కున్నారు. కోపం తెచ్చుకోలేదు. మరునాడు వచ్చి, "సిస్టర్, మీరే నేర్పుండ్రి. నాకూ, ఆడికొచ్చే పెద్దోళ్లకూ" అన్నారు. ఆదివారం నాకు చర్చి ఉంటుంది. శనివారం సాయంత్రాలు అనుకున్నాం.

ఆడికొచ్చే పెద్దోళ్లంటే ముఖ్యంగా ఇద్దరు. ఒకరు ఆ స్థలం ఇచ్చిన రైతు. వాళ్ల నాన్నగారి కాలంలో కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఊరంతా ఆయన్ను పెద్దాయన అనేవారు. మిర్చి తొక్కకూడదన్న ఒక్క షరతు మీద పిల్లలను ఆడుకోనిచ్చారు. రోజూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గీత పక్కన కూర్చునేవారు. ఆట సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు. బంతిని ఎవరు ఎక్కువ ఎత్తుకు తంతే వాడే మొనగాడు అని ఆయన లెక్క. "ఏం కొట్టాడండీ, కొబ్బరిచెట్టంత ఎత్తు!" అని చప్పట్లు కొట్టేవారు. బంతి అప్పటికి కంచె అవతల ఉండేది.

రెండో మనిషి చెరుకు రసం బండి ఆమె. ఆమెకు ఆట మీద కన్నా పిల్లల మీద ప్రేమ. అలసిపోయి వచ్చిన వాడికి ఐసు ముక్క నోట్లో పెట్టి పంపేది.

వీళ్లకు, ఇంకో నలుగురైదుగురు తల్లిదండ్రులకు శనివారం శనివారం నేర్పాను. పడ్డవాడి చుట్టూ గుంపు కట్టొద్దు, గాలి ఆడనివ్వాలి. ఒక్కరు దగ్గరుండాలి, ఒక్కరు నూట ఎనిమిదికి ఫోన్ చేయాలి, ఒక్కరు రోడ్డు మీద నిలబడి బండికి దారి చూపాలి. ఫోన్ సంగతి కూడా చూసుకున్నాం. ఆ గ్రౌండులో సిగ్నల్ అడవి వైపు గోల్ పోస్టు దగ్గర తప్ప రాదు. ఎండదెబ్బ తగిలితే ముందు నీళ్లు పోసి ఒళ్లు చల్లబరచాలి, ఆ తర్వాతే ప్రయాణం అని పదేపదే చెప్పాను. ఒక పిల్లవాడిని పడుకోబెట్టి నాటకంలా ఆడి చూపించుకున్నాం కూడా. బడి వరండాలో, నీడ పట్టున. చాలా బాగా వచ్చింది. మమ్మల్ని చూసి మేమే మురిసిపోయాం.

గ్రౌండుకు ఒక పెద్ద ఇనుప గేటు ఉంది. మిర్చి ఆరబెట్టిన రోజుల్లో దానికి తాళం. లేకపోతే అడ్డదారి అని ట్రాక్టర్లు కాయల మీదుగా పోతాయి, పొద్దున చూస్తే బస్తా మాయమవుతుంది. మనుషులు మాత్రం గేటు స్తంభం పక్కన కంచెలో ఉన్న సందులోంచి ఒంగి దూరి వచ్చేవాళ్లు. పిల్లలు, సారు, నేను, అందరం. సంవత్సరాల తరబడి అట్లా దూరీ దూరీ, ఆ గేటు మా ఎవరి కంటికీ గేటులాగే కనిపించడం మానేసింది. కంచెలో అదొక భాగం, అంతే. అంబులెన్సు ఒంగి దూరలేదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక ఆ రోజు సంగతి.

సత్తుపల్లి నుంచి పిల్లల టీము వచ్చింది. వాళ్లు చీకటి పడేలోపు ఇంటికి చేరాలని ఆట ఎండ ఉండగానే మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి ఆట సగంలో ఉంది. మా టీములో కోయగూడెం నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఉండేవాడు. సన్నగా, ఒడుపుగా, అలుపన్నది లేకుండా పరుగెత్తేవాడు. ముందు రోజు వాడికి జ్వరం. చెబితే సారు ఆడనివ్వరని చెప్పలేదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

వాడు బంతిని వదిలేసి వేరే వైపు నడవడం చూశాను. అడుగులు తడబడుతున్నాయి. సారు పిలిస్తే ఏదో సంబంధం లేని మాట అన్నాడు. అంతలోనే కూలబడి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

అందరి కన్నా ముందు వాడి దగ్గరికి చేరింది పెద్దాయన. ఆ వయసులో అట్లా పరుగెత్తగలరని ఎవరమూ అనుకోలేదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. మోకాళ్ల మీద కూలబడి, పిల్లవాడి తలకింద తన అరచెయ్యి పెట్టారు. రెండో చేత్తో మొలకున్న తాళం చెవుల గుత్తి లాగి, వాడి గుప్పిట్లో పెట్టి మూశారు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మనవాళ్లు నమ్మేదే కదా. రసం బండి ఆమె వచ్చి పక్కన కూర్చోగానే, "గట్టిగా పట్టుకోమ్మా, వదలకు" అని ఆమెకు అప్పజెప్పి నీళ్ల కోసం లేచారు.

నేను వెళ్లేసరికి కొట్టుకోవడం ఆగిపోయింది. గుంపును తోసి, వాడిని పక్కకు తిప్పి, ఒంటి మీద చెయ్యి వేశాను. పెనం మీద వేసినట్టే ఉంది.

"ఇది ఎండదెబ్బ. నీళ్లు! ఐసు! జల్దీ!"

నేర్పింది వృథా పోలేదు, ఆ మాట చెప్పాలి. ఒక తండ్రి ఫోన్ పట్టుకుని అడవి వైపు గోల్ పోస్టుకు పరుగెత్తాడు. ఇంకొకాయన రోడ్డు మీదికి పోయాడు. ముంచి చల్లబరచడానికి తొట్టి లేదు. మిర్చి కప్పే టార్పాలిన్ పట్టా తెమ్మన్నాను. తెచ్చింది కాయల మీద నుంచి లాగిన పట్టా! దాని ఘాటుకు తెచ్చినవాళ్లే తుమ్ముతున్నారు. "అది కాదయ్యా, పిల్లగాని ఒళ్లు మండుద్ది. కొత్తది తే" అని అరిచాను. కొత్తది వచ్చింది. అందులో వాడిని పడుకోబెట్టి, నాలుగు మూలలూ పైకెత్తి పట్టుకుని, తాగే నీళ్ల క్యాన్లన్నీ కుమ్మరించాం. రసం బండిలోని ఐసు గడ్డ పగలగొట్టి వేశాం. సత్తుపల్లి పిల్లలు జెర్సీలు విప్పి విసురుతున్నారు. సారు వాడి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

అంబులెన్సు సైరన్ వినబడింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ సైరన్ గేటు దగ్గర ఆగింది. అక్కడే ఆగిపోయింది.

"తాళం! తాళం చెవి ఏది?"

పెద్దాయన మొల తడుముకున్నారు. "ఇక్కడే ఉండాలండీ. ఇక్కడే ఉండాలి." ఆ కంగారులో తాను ఏం చేశారో ఆయనకే గుర్తులేదు. మోటారు షెడ్డు వైపు పరుగెత్తారు. అక్కడ లేవని కుర్చీ దగ్గరికి వచ్చారు. మిర్చి కాయల్లో వెతికారు. ఆయన ముఖం చూడలేకపోయాను. అంబులెన్సులోని టెక్నీషియన్ బ్యాగు భుజాన వేసుకుని సందులోంచి దూరి వచ్చి, పిల్లవాడికి ఆక్సిజన్ పెట్టాడు. కానీ స్ట్రెచర్ ఆ సందులో పట్టదు. సారు రాయి తీసుకుని తాళం మీద బాదుతున్నారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

టెక్నీషియన్ సూది పెట్టడానికి నరం కోసం పిల్లవాడి చెయ్యి అడిగాడు. ఆ చెయ్యి రసం బండి ఆమె రెండు చేతుల మధ్య ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. నీళ్లలో ఆమె చీర మొత్తం తడిసింది. "అమ్మా, చెయ్యి వదులు" అన్నాను. వదల్లేదు. నేనే ఆమె వేళ్లు ఒక్కొక్కటీ తీశాను. లోపల పిల్లవాడి గుప్పిట్లో తాళం చెవులు.

"నీకు తెలుసు గదమ్మా! అందరు తాళం తాళం అని మొత్తుకుంటుంటే ఇనబడలేదా?"

"ఇనబడ్డదమ్మా" అంది ఆమె. "ఇనుము తీస్తే పోరడు పోతడని భయమైంది."

గేటు తెరుచుకుంది. నేను పిల్లవాడితో పాటు అంబులెన్సు ఎక్కాను. తలుపులు మూసే ముందు సారు గొంతు వినబడింది. అంత మెత్తని మనిషి అట్లా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"ఏంది పెద్దాయనా గిట్ల జేసిండ్రు? పోరని పానం మీదికి తెస్తిరి గదా! తెల్వకుంటే చేతులు కట్టుకొని కూసోవాలె. ఇగ ఎవ్వలూ నా పోరగాండ్లను ముట్టొద్దు!"

పిల్లవాడు బతికాడు. దారిలోనే కళ్లు తెరిచాడు. మిర్చి కోతకు వెళ్లిన వాళ్లమ్మ ఆస్పత్రికి చేరేసరికి వాడు నీళ్లడిగాడు. ఆమె తెలుగు, కోయ కలిపి ఏదో అడుగుతూ వాడి పాదాలు పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. కొన్ని వారాలు ఆట వద్దన్నారు డాక్టరు. ఒళ్లు చల్లబరిచి తెచ్చారు కాబట్టి దక్కాడు, అట్లాగే కాలిపోతూ తెచ్చి ఉంటే చెప్పలేకపోయేవాళ్లం అని కూడా అన్నారు.

ఈ మాట ఊరికి చేరేసరికి దాని రూపమే మారిపోయింది. గేటు తెరుచుకోకపోవడం వల్లనే పిల్లవాడు చల్లబడ్డాడట. తాళమే కాపాడిందట. మా పాస్టరుగారు కూడా దేవుడు గేటు మూశాడని ప్రసంగంలో చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ ప్రార్థన చేసుకునేదాన్నే. కానీ దేవుడు కాపాడిన వంకతో మనం తాళం అట్లాగే ఉంచేస్తామా? అదే ఎండదెబ్బ కాక గుండె ఆగిపోయి ఉంటే ఏ నీళ్లు పోసేవాళ్లం? ప్రసంగం అయ్యాక పాస్టరుగారితో అదే అన్నాను. ఆయన నవ్వి, వచ్చే వారం సరిచేస్తానమ్మా అన్నారు. నిజంగానే సరిచేశారు. పెద్దాయన ఎవరూ అడగకముందే తాళం తీయించి, గేటుకు కొక్కెం పెట్టించారు. కాయలకు కాపలా మనిషిని పెట్టుకున్నారు. నేను సంతోషించాను. ఇక అంతా చక్కబడిందనుకున్నాను.

చక్కబడలేదు. కొద్ది రోజులకు ఒక సాయంత్రం నేను గేటు తీసుకుని లోపలికి వస్తున్నాను. అప్పుడే ఒక చిన్నపిల్ల బంతి కోసం దూకి, పొట్ట మీద దబ్బున పడింది. ఊపిరి అందక నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. సారు అవతలి గోలు దగ్గరున్నారు. ఆ పిల్ల పడింది రసం బండికి దగ్గర్లోనే. బండి ఆమె కొంగులో చేతులు చుట్టుకుని బొమ్మలా నిలబడింది. అక్కడున్న తండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కుర్చీలోంచి సగం లేచారు. మళ్లీ కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు.

నేనూ సారూ రెండు వైపుల నుంచి పరుగెత్తాం. ఆ పిల్లకు ఏమీ కాలేదు, కాసేపటికి ఊపిరి పీల్చుకుని ఏడ్చింది. కానీ మేం పరుగెత్తినంత సేపూ చుట్టూ అంతమంది పెద్దవాళ్లుండి కూడా ఆ పిల్ల ఒక్కతే. నాకు దుఃఖం ఆగలేదు. ఇనుము పెట్టిన రోజు కన్నా ఈ రోజే ఎక్కువ భయమేసింది. తప్పు చేసే చేతికి నేర్పవచ్చు. ముందుకు రాని చేతికి ఏం నేర్పుతాం?

"చూసిండ్రా సార్?" అన్నాను.

ఆయన పిల్ల మోకాలి మట్టి దులుపుతూ పెద్దాయన కుర్చీ వైపే చూస్తున్నారు.

"ఆరోజు అందరి కన్నా ముందు ఉరికింది ఆయనే సార్. మీ కన్నా, నా కన్నా."

"యాదికున్నది సిస్టర్" అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

శనివారం వచ్చింది. ఈసారి అందరూ గ్రౌండులోనే చేరారు. కోయగూడెం పిల్లవాడు కూడా వాళ్లమ్మ పక్కన నీడలో కూర్చుని ఆటకేసి ఆశగా చూస్తున్నాడు. నేను నేర్పడం మొదలుపెట్టబోతుంటే సారు ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. విజిల్ వేశారు. పిల్లలంతా ఆగిపోయారు. సారు తిన్నగా పెద్దాయన కుర్చీ ముందుకు నడిచి, ఆ దుమ్ములో వెల్లకిలా పడుకున్నారు. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"పెద్దాయనా, నేను పడిపోయిన. ఎండదెబ్బ. ఒళ్లు కాలిపోతున్నది. ఇగ మీ ఇష్టం" అని కళ్లు మూసుకున్నారు.

పెద్దాయన నా వైపు చూశారు. కట్టుకున్న చేతులు అట్లాగే ఉన్నాయి.

"నన్ను చూస్తే ఏమొస్తదండీ? పడింది ఆయన" అన్నాను.

"మళ్లీ ఏదన్నా తప్పు చేస్తానేమోనమ్మా."

"చెయ్యండి. నేనిక్కడే ఉన్నాను కదా, చెప్తా" అన్నాను.

పిల్లల నవ్వు ఆగిపోయింది. అప్పుడు పెద్దాయన మెల్లగా కుర్చీ చేతుల మీద ఆనుకుని లేచారు. ఒక మోకాలు, తర్వాత రెండోది నేల మీద ఆనించారు. మిర్చి బస్తాను దొర్లించినట్టు సారును పక్కకు దొర్లించారు. సారు మూలిగారు. పెద్దాయన ఆయన చొక్కా గుండీలు విప్పారు. "నిలబడి చూస్తావేంటమ్మా, ఐసు పట్టుకురా!" అని కేక వేశారు. రసం బండి ఆమె కొంగులోంచి చేతులు బయటికి తీసి పరుగెత్తింది. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో గేటు తీయడానికి ఉరికారు. పెద్దాయన భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచి సారు మెడా, చంకలూ, ముఖమూ తుడవసాగారు. తుడుస్తూ తుడుస్తూ ఇది నాటకమన్న సంగతి మరిచిపోయినట్టున్నారు.

"ఏం కాదు నాయనా. ఏం కాదు. మేమంతా లేమూ?"

సారు కళ్లు మూసుకునే ఉన్నారు. ఆ మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. తువ్వాలు నీళ్లనుకోవచ్చు. కానీ పెదవులు కూడా వణుకుతున్నాయి.

నేను ఒంగి చూసి, ఊరుకోలేక అన్నాను.

"సార్, స్పృహ తప్పినోళ్లు ఏడవరు."

"మీరు కాస్త పక్కకు జరగండి సిస్టరమ్మా, గాలి ఆడనివ్వండి" అని నన్నే కసిరి, పెద్దాయన ఆ కళ్లు కూడా తుడిచారు.